బ్రాండ్ కథకు అసలు రచయితలు

2008 నవంబరు 26 రాత్రి ముంబయి తాజ్‌మహల్ హోటల్లోకి ఉగ్రవాదులు చొరబడ్డారు. సరిగ్గా ఆరు వారాలకు, 2009 జనవరి 7 ఉదయం, సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు తన బోర్డుకు రాసిన లేఖ బయటపడి హైదరాబాద్‌ను కుదిపేసింది. మొదటిది బయటివాళ్లు చేసిన దాడి. రెండోది ఇంటి పెద్దే ఒప్పుకున్న మోసం. ఈ రెంటినీ ఉగ్రవాదం, ఆర్థిక నేరం అని వేర్వేరు అరల్లో సర్దేసి మనం ముందుకు సాగిపోయాం. పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం, కంపెనీలు ఇవాళ కోట్లు పోసి చెప్పించుకుంటున్న ‘బ్రాండ్ కథ’ ఎక్కడ పుడుతుందో, ఎందుకు చచ్చిపోతుందో తెలిసివస్తుంది.

మన కంపెనీలకు కొంతకాలంగా కథల పిచ్చి పట్టింది. సరకు గుణం చెబితే చాలదట, సరకు వెనకున్న కథ చెప్పాలట. వ్యవస్థాపకుడు స్కూటరు మీద తిరిగి తొలి ఆర్డరు సంపాదించిన రోజు, అప్పు పుట్టక అల్లాడిన రాత్రి, నాయనమ్మ చేతి పచ్చడి... ఇలాంటివి సిద్ధం చేసిపెట్టే సలహా సంస్థలకు చేతినిండా పని. ఉద్యోగులనూ ఇందులోకి దింపుతున్నారు. ఆఫీసు వార్షికోత్సవం ఫొటో పెట్టి, ఇక్కడ పనిచేయడం అదృష్టమని లింక్డ్‌ఇన్‌లో నాలుగు ముక్కలు రాయమని హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వస్తుంది. రాయకపోతే ఏమవుతుందో ఆ మెయిల్లో ఉండదు. అయినా అందరికీ తెలుసు. అందుకే అందరూ రాస్తారు. ‘మాది కంపెనీ కాదు, కుటుంబం’ అన్న వాక్యం ఎన్ని పోస్టుల్లో కనిపిస్తుందో లెక్కలేదు. నోటీసు ఇచ్చి తమ్ముణ్ని ఇంట్లోంచి పంపించే కుటుంబం ఎక్కడైనా ఉందా అని మాత్రం ఎవరూ అడగరు.

తాజ్‌లో ఆ రాత్రి జరిగినదాని గురించి హార్వర్డ్ బిజినెస్ రివ్యూ 2011 డిసెంబరు సంచికలో రోహిత్ దేశ్‌పాండే, అంజలి రైనా ఒక వ్యాసం రాశారు. అతిథుల్లో 1,200 నుంచి 1,500 మంది ప్రాణాలతో బయటపడటానికి సిబ్బంది సాయపడ్డారనీ, ఆ ప్రయత్నంలో 11 మంది సిబ్బంది ప్రాణాలు కోల్పోయారనీ అందులో ఉంది. టెలిఫోన్ ఆపరేటర్లు పారిపోకుండా గదిగదికీ ఫోన్ చేసి, దీపాలు ఆర్పండి, తలుపు తీయకండి అని చెబుతూ కూర్చున్నారు. వంటవాళ్లు అతిథులను బయటికి పంపుతూ తాము అడ్డుగా నిలబడ్డారు. ఒక విందు గదిలో చిక్కుకుపోయిన పెద్దపెద్ద అధికారులను 24 ఏళ్ల బ్యాంక్వెట్ మేనేజరు ఒకామె రాత్రంతా ధైర్యం చెప్పి కాపాడుకుంది. హోటల్ జనరల్ మేనేజరు భార్య, ఇద్దరు కొడుకులు పై అంతస్తులో మరణించారు. ఆయన మాత్రం అతిథులను బయటికి చేర్చే పనిలోనే ఉన్నారు.

ఇదంతా శౌర్యగాథగా చదివి కళ్లు తుడుచుకోవచ్చు. చాలామంది అదే చేశారు. ఆ వ్యాసకర్తలను పట్టి పీడించిన ప్రశ్న వేరు. తుపాకులు పేలుతున్నప్పుడు వెనక దారులన్నీ తెలిసినవాళ్లు ముందుగా తామే బయటపడాలి కదా, ఎందుకు ఆగారు? ఆగమని ఆదేశించినవారు లేరు. ఏ శిక్షణ పుస్తకంలోనూ ఉగ్రవాద దాడి అధ్యాయం లేదు. జవాబు వెతుక్కుంటూ వెళ్లిన వ్యాసకర్తలు ప్రకటనల విభాగం గుమ్మం తొక్కలేదు. ఉద్యోగులను తీసుకునే చోటికి వెళ్లారు.

తాజ్ తన కింది స్థాయి సిబ్బందిని ఎక్కువగా చిన్న ఊళ్లలో వెతుక్కుంటుంది. ఇంగ్లిషు ధాటి కన్నా పెద్దలను గౌరవించే తీరు, నవ్వు ముఖం, ఇల్లు నిలబెట్టాల్సిన అవసరం ఉన్నాయా అని చూస్తుంది. ఇతర హోటళ్లు ఏడాది శిక్షణతో సరిపెడితే ఇక్కడ ఏడాదిన్నర. నేర్పేది బయటి శిక్షకులు కాదు, ఆ హోటల్లోనే ఏళ్లుగా పనిచేస్తున్న సీనియర్లు. అతిథికీ కంపెనీకీ మధ్య తేడా వస్తే అతిథి పక్షాన నిలబడమని చెబుతారు. ఒక అతిథి రోజులో నలభైకి పైగా సార్లు ఎవరో ఒక ఉద్యోగితో మాట్లాడతాడు, ఆ సందర్భాల్లో మేనేజరు పక్కన ఉండడు. కాబట్టి అక్కడికక్కడ సొంతంగా నిర్ణయం తీసుకునే వీలు బేరర్‌కూ, లిఫ్టు దగ్గర నిలబడ్డ కుర్రాడికీ ఉండాలి. మంచి పని చేస్తే గుర్తింపు సంవత్సరాంతపు సభ దాకా ఆగదు, రెండు రోజుల్లోపే పై అధికారి నుంచి వస్తుంది. ఇందులో ఒక్కటి కూడా కథ చెప్పడానికి చేసిన ఏర్పాటు కాదు. ఇవన్నీ నియామకం, శిక్షణ, మెప్పుదల అనే రోజువారీ గొడవలు. వాటిలోంచే ఆ రాత్రి కథ వచ్చింది. దాన్ని మొదట లోకానికి చెప్పినవాళ్లు తెల్లారి బయటపడ్డ అతిథులు, అదీ టీవీ కెమెరాల ముందు, అడగకుండానే.

సత్యం దగ్గర కథకు కొదవ లేదు. అదీ మంచి కథ. 1987లో మొదలై, న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో లిస్టయి, 53,000 మందికి ఉద్యోగాలిచ్చిన తెలుగువాడి కంపెనీ. వరి, పత్తి, మిర్చి పండించే ఇళ్లలోంచి వచ్చిన కుర్రాళ్లు ఆ కంపెనీ కార్డు మెడలో వేసుకుంటే సంబంధాలు వెతుక్కుంటూ వచ్చేవి. 2005 ఆగస్టు 15న రామలింగరాజు చొరవతో మొదలైన 108 అంబులెన్సు ఎన్నో ప్రాణాలు నిలిపింది, ఇప్పటికీ నిలుపుతోంది. బోర్డులో హార్వర్డ్ ఆచార్యుడు, మాజీ కేబినెట్ కార్యదర్శి, ఐఎస్‌బీ డీన్. 2008లో సుపరిపాలనకు అంతర్జాతీయ గోల్డెన్ పీకాక్ అవార్డు. ఇంత గట్టి కథను నమ్మకపోతేనే తప్పు అన్నట్టుండేది.

ఆ ఏడాది డిసెంబరు 16న రామలింగరాజు తన కుటుంబ సభ్యుల మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు సత్యం చేత కొనిపించాలని ప్రయత్నించారు. మదుపరులు భగ్గుమనడంతో గంటల్లో వెనక్కి తగ్గారు. మూడు వారాలకు లేఖ. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు రూ.5,361 కోట్లు, అందులో రూ.5,040 కోట్లు లేనేలేవు. సెప్టెంబరు త్రైమాసికంలో నిర్వహణ లాభం 24 శాతమని చెప్పారు, నిజానికి 3 శాతం. పులి మీద స్వారీ చేశానని, దిగితే అది తినేస్తుందని రాజు ఆ లేఖలో మొర పెట్టుకున్న సంగతి అందరికీ గుర్తుంది. గుర్తుంచుకోవాల్సింది ఆ 24, 3 అంకెల్ని. ఆ రెంటి మధ్య ఎడం ఒక్క రోజులో ఏర్పడింది కాదు. ఏళ్ల తరబడి త్రైమాసికం తర్వాత త్రైమాసికం అది పెరుగుతూ పోయింది. లెక్కలు రాసే గది చుట్టూ ఉన్నవాళ్లలో కొందరికి తెలిసింది, కొందరు అనుమానించి ఉంటారు. అడగడం అలవాటు లేని చోట అనుమానం గొంతులోనే ఆగిపోతుంది. సుపరిపాలన అవార్డు గోడ మీద వేలాడుతున్న ఆఫీసులో సుపరిపాలన గురించి ప్రశ్న వేయడం మరీ కష్టం.

ఈ ఉదంతంలో ఎక్కువమంది గమనించని భాగం జనవరి 7 తర్వాతది. ప్రభుత్వం పాత బోర్డును తప్పించి దీపక్ పరేఖ్, కిరణ్ కార్ణిక్ వంటివారితో కొత్త బోర్డు వేసింది. ఆ నెల జీతాలు పడతాయో లేదో తెలియదు. ఇంటి రుణాల వాయిదాలు ఉన్నాయి. అయినా ఆఫీసుల్లో షిఫ్టులు నడిచాయి, విదేశాల్లోని క్లయింటు కార్యాలయాల్లో కూర్చున్న బృందాలు పని వదిలి రాలేదు. కొన్ని కంపెనీలు ఒప్పందాలు తెంచుకున్నాయి. చాలా కంపెనీలు ఉండిపోయాయి. వాటికి సత్యం అంటే రామలింగరాజు కాదు, అర్ధరాత్రి సర్వరు ఆగిపోతే ఫోను ఎత్తే ఇంజినీరు. ఏప్రిల్లో టెక్ మహీంద్రా కొనుక్కున్నది ఆ నమ్మకాన్నే. ఖజానాలో కొనడానికి ఏముందని? అంటే ఒకే పేరు కింద రెండు సంస్కృతులు ఉండేవన్నమాట. పై అంతస్తులో అంకెలను కథకు తగ్గట్టు దిద్దే సంస్కృతి, కింది అంతస్తుల్లో ఇచ్చిన గడువుకు పని అప్పగించే సంస్కృతి. మొదటిది కంపెనీని ముంచింది, రెండోది తేల్చింది. ఆ రెండోదాన్ని గురించి ఎవరూ బ్రాండ్ కథ రాసిపెట్టలేదు. 2013లో టెక్ మహీంద్రాలో విలీనమయ్యాక ఆ పేరు కూడా మిగల్లేదు.

మోసం పైనుంచే మొదలవాలని నియమం లేదు. పైవాళ్లు నిర్ణయించిన లక్ష్యం కింద కూర్చున్నవాడి చేత మోసం చేయిస్తుంది. వెల్స్ ఫార్గో అందుకు బాగా తెలిసిన ఉదాహరణ, పైగా హైదరాబాద్‌లో వేలమందికి ఉద్యోగాలిచ్చిన బ్యాంకు కాబట్టి మనకు పరాయిదీ కాదు. 1852లో పుట్టిన ఆ సంస్థ గుర్తు గుర్రపు బండి. అమెరికా పడమటి ఊళ్లకు డబ్బూ ఉత్తరాలూ భద్రంగా చేర్చిన బండి అది. బ్రాండ్ కథల్లో ఇంతకన్నా అందమైంది దొరకడం కష్టం. అదే బ్యాంకు శాఖల్లో ఒక్కో ఖాతాదారు కుటుంబానికి ఎనిమిది ఉత్పత్తులు అంటగట్టాలన్న లక్ష్యం ఉండేది. పొదుపు ఖాతా, క్రెడిట్ కార్డు, డెబిట్ కార్డు, రుణం... ఎనిమిది. లక్ష్యం చేరలేని ఉద్యోగులు ఖాతాదారులకు తెలియకుండా ఖాతాలు తెరిచేశారు. 2016 సెప్టెంబరులో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడేనాటికి ఐదేళ్లలో 5,300 మంది ఉద్యోగులను తొలగించామని బ్యాంకే చెప్పింది. తర్వాతి లెక్కల్లో అనుమానిత ఖాతాలు 35 లక్షలకు చేరాయి.

ఐదేళ్లలో 5,300 మంది ఒకే తప్పు చేస్తే అది వ్యక్తుల గుణలోపం అనుకోవడానికి చాలా అమాయకత్వం కావాలి. అంతమందిని ఇళ్లకు పంపుతూ కూడా ఎనిమిది అన్న అంకెను అలాగే ఉంచారు. మోసాల గురించి పైకి ఫిర్యాదు చేసినందుకు ఉద్యోగం పోగొట్టుకున్న ఒక మేనేజరును తిరిగి చేర్చుకుని, 54 లక్షల డాలర్లు చెల్లించాలని అమెరికా కార్మిక శాఖ 2017లో ఆదేశించింది. మరుసటి ఏడాది బ్యాంకు కొత్త ప్రకటనల వరస తెచ్చింది. 1852లో స్థాపించాం, 2018లో మళ్లీ స్థాపించుకున్నాం అన్నది దాని సారాంశం. చూడముచ్చటైన ప్రకటనలు. అయితే ఆ ఏడాదే, దానికి మూడు నెలల ముందు, బ్యాంకు ఆస్తులు పెరగకూడదని ఫెడరల్ రిజర్వ్ పెట్టిన పరిమితి 2025 జూన్ దాకా తొలగలేదు. ప్రకటన తయారవడానికి నెలలు పట్టి ఉంటాయి. లోపలి పద్ధతులు మారాయని నియంత్రణ సంస్థను ఒప్పించడానికి ఏడేళ్లు పైనే పట్టింది.

బోయింగ్ ఉదంతం ఇంకా విషాదం. 737 మ్యాక్స్ విమానాలు రెండు కూలి 346 మంది మరణించాక, 2020 జనవరిలో ఆ కంపెనీ ఉద్యోగుల అంతర్గత సందేశాలు బయటికొచ్చాయి. తమ కుటుంబాన్ని ఆ విమానం ఎక్కించబోమని ప్రమాదాలకు ముందే ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. కంపెనీ ప్రయాణికులకు చెప్పే కథ ఒకటి, క్యాంటీన్‌లో నడిచే కథ ఒకటి. నిజం క్యాంటీన్ కథలో ఉంది. దాన్ని పై అంతస్తుకు మోసుకెళ్లే మెట్లే లేవు.

ఇన్ని చెప్పాక ఒక అభ్యంతరాన్ని పక్కన పెట్టలేం. కథ ఎప్పుడూ సంస్కృతి వెనకే నడవాలా? ముందు కథ చెప్పి, ఆ మాటకు కట్టుబడి మారిన సంస్థలు లేవా? ఉన్నాయి. జాన్సన్ అండ్ జాన్సన్ తన బాధ్యతల పత్రాన్ని 1943లోనే రాసుకుంది. వాడకందారులు ముందు, వాటాదారులు చివర అని అందులో ఉంది. 1982లో చికాగో ప్రాంతంలో ఎవరో సైనైడ్ కలిపిన టైలెనాల్ మాత్రలు మింగి ఏడుగురు చనిపోయినప్పుడు కంపెనీ 3.1 కోట్ల సీసాలను వెనక్కి రప్పించింది. ఖర్చు 10 కోట్ల డాలర్లు దాటింది. ఆ పత్రం అప్పటికి నలభై ఏళ్లుగా గోడ మీద ఉంది. ఆ రోజు దానికి ధర కట్టారు, కట్టిన ధర చెల్లించారు. అప్పుడే అది సంస్కృతి అయింది. అదే కంపెనీ పసిపిల్లల టాల్కం పౌడరు మీద వేలాది కేసులు ఎదుర్కొని, తమ పౌడరులో దోషం లేదంటూనే 2023లో దాన్ని ప్రపంచమంతటా ఆపేసింది. గోడ మీది పత్రం అక్కడే ఉంది. అంటే ఒకసారి చెల్లించిన ధర శాశ్వత చందా కాదు.

ఇప్పటి నగరాల్లో ఈ సమస్య కొత్త రూపం తొడుక్కుంది. పది నిమిషాల్లో సరకు తెస్తామన్నది డెలివరీ కంపెనీలు చెప్పుకుంటూ వచ్చిన బ్రాండ్ కథ. దాన్ని నిజం చేయాల్సింది కంపెనీ ఉద్యోగి కూడా కాని మనిషి. అతణ్ని ‘భాగస్వామి’ అంటారు, లాభాల్లో భాగం ఇవ్వకుండా. 2022 మార్చిలో జొమాటో పది నిమిషాల భోజనం ప్రకటించి విమర్శలు ఎదుర్కొన్నప్పుడు, ఆలస్యానికి జరిమానా ఉండదని, వేగం రావడానికి కారణం వంటిల్లు దగ్గర్లో ఉండటమేనని వ్యవస్థాపకుడు వివరణ ఇచ్చారు. ఆ తర్కంలో కొంత నిజముంది. కిలోమీటరు, రెండు కిలోమీటర్ల దూరంలో గిడ్డంగి పెడితే బండి పరుగెత్తించక్కర్లేదు. కానీ రోజు గడవాలంటే ఎన్ని ఆర్డర్లు వేయాలో నిర్ణయించేది గిడ్డంగి దూరం కాదు, ఒక్కో ఆర్డరుకు ఇచ్చే రేటు. మాదాపూర్ సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడ్డాక కూడా దూసుకుపోయే బండి మీద ఉన్న కంపెనీ చొక్కా రంగు నగరమంతా గుర్తుపడుతుంది. ఆ క్షణాన ఆ బ్రాండ్ తన గురించి ఏం చెప్పుకుంటోందో ముంబయిలోని ప్రకటనల సంస్థ చేతిలో లేదు. ఆ రేటు నిర్ణయించిన వ్యక్తి చేతిలో ఉంది.

మంచి కథ ఉన్న సంస్థకు ఇంకో చిక్కు ఉంది. ఆ కథే దాన్ని వెంటాడుతుంది. జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో టాటాలు 1912లోనే ఎనిమిది గంటల పనిదినం తెచ్చారు. 1920లో భవిష్యనిధి, వేతనంతో కూడిన సెలవు. చట్టాలు ఆ పని చేయడానికి దశాబ్దాలు పట్టింది. ఆ తర్వాతెప్పుడో ‘మేం ఉక్కు కూడా తయారుచేస్తాం’ అనే అర్థంలో ప్రకటనలు వేశారు. ఆసుపత్రి, బడి, క్రీడా మైదానం అన్నీ చూపించి చివర్న ఆ ముక్క. దేశంలో ఇంకో ఉక్కు కంపెనీ ఆ ప్రకటన వేసి ఉంటే నవ్వుకునేవాళ్లం. అక్కడ నవ్వు రాలేదంటే కారణం ఆ ప్రకటనకు అప్పటికే కొన్ని దశాబ్దాల హామీ ఉండటం. కానీ 2006 జనవరి 2న ఒడిశాలోని కళింగనగర్‌లో అదే కంపెనీ కర్మాగారం ప్రహరీ పనులకు అడ్డుపడిన ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. పదిమందికి పైగా చనిపోయారు. ఆ ఊళ్లలో టాటా కథ అంటే ఆ రోజే. జంషెడ్‌పూర్ వాళ్లు చెప్పేదీ అబద్ధం కాదు, కళింగనగర్ వాళ్లు చెప్పేదీ అబద్ధం కాదు.

2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో దాదాపు 2 శాతాన్ని, అంటే 12 వేలకు పైగా ఉద్యోగులను తగ్గిస్తామని ప్రకటించినప్పుడు హైదరాబాద్ ఐటీ వర్గాల్లో పుట్టిన కలవరం ఆ అంకెకు మించింది. అంతకన్నా పెద్ద సంఖ్యలో మనుషులను తీసేసిన విదేశీ కంపెనీలను జనం ఒకటి రెండు రోజులు తిట్టుకుని మర్చిపోయారు. టీసీఎస్ విషయంలో మాత్రం ‘టాటాలు కూడానా’ అన్నారు. జీతం కాస్త తక్కువైనా ఉద్యోగం పోదన్న నమ్మకంతో అక్కడ చేరి, మధ్య స్థాయికి చేరిన నలభై ఏళ్లవాళ్లున్నారు. కంపెనీ వాళ్లతో అలాంటి ఒప్పందం ఏదీ రాసుకోలేదు. కానీ నూరేళ్ల కథ ఆ ఒప్పందాన్ని వాళ్ల మనసుల్లో రాసిపెట్టింది. కృత్రిమ మేధ కాలంలో ఆ కోత వ్యాపారపరంగా తప్పనిసరా కాదా అన్నది వేరే చర్చ. కథ లాభం తెచ్చినన్నాళ్లు దాన్ని వాడుకుని, భారమైన రోజున అది చట్టబద్ధ పత్రం కాదు కదా అనడం మాత్రం ఏ యాజమాన్యానికైనా నప్పదు.

మరి బయట ఉన్నవాళ్లకు, అంటే వాటా కొనేవారికి, ఉద్యోగంలో చేరబోయేవారికి, సరకు కొనేవారికి లోపలి సంస్కృతి ఎలా తెలుస్తుంది? కథ వింటే తెలియదు. అయితే వెతికితే దొరికే చోటు ఒకటి ఉంది. లిస్టయినవాటిలో మార్కెట్ విలువ ప్రకారం తొలి వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి బాధ్యతాయుత వ్యాపారం, సుస్థిరతపై ఏటా నివేదిక ఇవ్వాలని సెబీ తప్పనిసరి చేసింది. పట్టికలతో నిండిన ఆ నివేదిక చదవడానికి మహా విసుగు. కానీ ఏడాదిలో ఎంత శాతం ఉద్యోగులు వెళ్లిపోయారో మూడేళ్ల లెక్క అందులో ఉంటుంది. మగవాళ్ల, ఆడవాళ్ల మధ్యస్థ వేతనాలు వేర్వేరుగా ఉంటాయి. పని చోట ప్రమాదాలు, లైంగిక వేధింపుల ఫిర్యాదులు, వాటిలో ఎన్ని తేలాయి, ఎన్ని తేలలేదు, అవీ ఉంటాయి. ప్రసూతి సెలవు మీద వెళ్లిన మహిళల్లో ఎందరు తిరిగొచ్చారు, వచ్చినవాళ్లలో ఎందరు నిలిచారు అన్న గడి కూడా ఉంది. వార్షిక నివేదికలో ముందు పేజీల్లో నవ్వుతున్న మహిళా ఉద్యోగుల రంగుల బొమ్మలుంటే, ఈ గడి ఎక్కడో వెనక పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. వేధింపుల ఫిర్యాదులు సున్నా అని ఉంటే సంతోషించాలో అనుమానించాలో కూడా ఆలోచించుకోవాల్సిందే. వేల మంది పనిచేసే చోట ఒక్క ఫిర్యాదూ లేదంటే, ఫిర్యాదు చేసే ధైర్యం లేకపోవడం కూడా కారణం కావచ్చు. త్రైమాసిక ఫలితాల రోజున విలేకరుల సమావేశంలో లాభం అడుగుతారు, కొత్త ఆర్డర్లు అడుగుతారు, ఐటీ కంపెనీలనైతే అట్రిషన్ (ఉద్యోగుల వలస రేటు) కూడా అడుగుతారు. ప్రసూతి సెలవు తర్వాత ఎందరు తిరిగొచ్చారని అడగడం మాత్రం అరుదు.